నిర్ణయం వారిది, తోడు మనది
(రేడియో ప్రసంగ పాఠం)



ఈవేళ మనం ముచ్చటించుకోబోయేది సలహాల గురించి. సలహా చెప్పటం మనకేమీ కొత్త కాదు. పనసపొట్టు కూరలో ఆవ ఎంత పెట్టాలన్న దగ్గరనుంచి పక్కింటివాళ్ళ అమ్మాయికి ఏ సంబంధం ఖాయం చెయ్యాలన్న దాకా, అడిగినా అడక్కపోయినా చెబుతూనే వుంటాం. విన్నవాళ్ళు వింటారు, లేనివాళ్ళు లేదు. అందువల్ల పెద్దగా వచ్చే నష్టమూ వుండదు. అయితే ఒక మనిషి నిజంగా పెద్ద నిర్ణయం ముందు నిలబడి, ఎటూ తేల్చుకోలేక మన గుమ్మంలోకి వచ్చి "నన్నేం చెయ్యమంటారండీ?" అని అడిగిందనుకోండి. అప్పుడేం చెయ్యాలి? "ఇలా చెయ్యి" అని చెప్పేస్తే సాయం చేసినట్టేనా? ఆ సంగతే కాస్త ఆలోచిద్దాం.

కౌన్సెలింగ్ అనే మాట ఇప్పుడు అందరి నోటా నలుగుతోంది. ఇంజనీరింగు సీట్లు పంచేదీ కౌన్సెలింగే. తాగి బండి నడిపిన కుర్రాళ్ళని స్టేషన్లో కూర్చోబెట్టి చీవాట్లు పెట్టి పంపేదీ కౌన్సెలింగే. మొదటిది సీటు చూపించటం, రెండోది బుద్ధి చెప్పటం. అసలు కౌన్సెలింగ్ అంటే ఈ రెండూ కాదు. ఎదుటి మనిషి తన ఆలోచనని తానే చక్కబెట్టుకునేలా దగ్గర కూర్చుని తోడ్పడటం. అంతే.

అమెరికాలో కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1942లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతికి గట్టి పునాది పడింది. మనసు బాగాలేక సాయం కోరి వచ్చినవారిని పేషెంటు అనకుండా క్లయింటు అనటం ఆయన వల్లే బాగా వాడుకలోకి వచ్చింది. మనకి క్లయింటు అనగానే ప్లీడరుగారి వరండాలో కాగితాలు పట్టుకుని కూర్చున్నాయన గుర్తొస్తాడు. ఇక్కడ అర్థం వేరు. వచ్చినావిడ రోగి కాదు, తెలివితక్కువదీ కాదు. తన బతుకు సంగతి మనకంటే తనకే ఎక్కువ తెలుసు అని ఒప్పుకోవటం ఆ మాటలో వుంది. 1957లో ఫీలిక్స్ బీస్టెక్ అనే ఆయన సంఘసేవ చేసేవాళ్ళకి ఏడు సూత్రాలు రాశారు. వాటిలో మనకి ముఖ్యంగా కావలసినవి మూడు. తన విషయం తాను నిర్ణయించుకునే హక్కు వచ్చినవారిదే. వారిమీద మనం తీర్పు చెప్పకూడదు. వారు చెప్పింది గుమ్మం దాటకూడదు. ఈ మూడో సూత్రం మన కాలనీల్లో పాటించటం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు కదండీ!

ఇదంతా దొరల దేశపు మాట, మనకెందుకు అనకండి. మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయమ్మగారినే తీసుకోండి. ఆవిడ 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకి వద్దని ఆవిడ నిర్ణయించుకున్నారు. ఆ రోజుల్లో అది ఎంత మాట! అయినా తండ్రి, సోదరుడు ఆవిడ నిర్ణయాన్ని గౌరవించి వెనక నిలబడ్డారు. ఆ ఇంట్లో అందరూ కలిసి "సర్దుకుపో తల్లీ" అని ఒప్పించి వుంటే, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ఎక్కడిది? రాజ్యాంగ సభలో ఆవిడ గొంతు ఎక్కడిది? 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆవిడే తొలి అధ్యక్షురాలు. కుటుంబ తగాదాలకి వేరే కోర్టులుండాలని ఆవిడ ఆనాడే కోరారు. ఆ చట్టం 1984లో వచ్చింది, అప్పటికి ఆవిడ కాలం చేసి మూడేళ్ళయింది. కోర్టులో కౌన్సెలర్లు వుండాలన్న ఏర్పాటు ఆ చట్టంలోనే వుంది. అంతకు ఒక ఏడాది ముందు, 1983లో, ఆవిడ నడిపిన ఆ మండలి కుటుంబ సలహా కేంద్రాల పథకం మొదలుపెట్టింది. అంచేత ఈ విద్య మనకి పరాయిది కాదు.

సరే, ఇప్పుడు మన గోదావరి జిల్లాలవాళ్ళకి బాగా తెలిసిన ఒక సమస్య తీసుకుని చూద్దాం. కోనసీమ నుంచీ, నరసాపురం చుట్టుపక్కల నుంచీ ఎందరో ఆడవాళ్ళు కువైట్, మస్కట్, దుబాయ్ ఇంటిపనికి వెళ్ళారు, వెడుతూనే వున్నారు. ఆ డబ్బుతో పూరిళ్ళ చోట డాబాలు లేచాయి, ఆడపిల్లలు డిగ్రీలు చదివారు. అదే దారిలో పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టేసి, జీతం అందక, ఇంటికి ఫోను చేసుకునే వీలు కూడా లేక అలమటించినవాళ్ళూ వున్నారు. రెండూ నిజమే.

మన ఇంట్లో పనిచేసే ఇల్లాలు ఒకరోజు అంట్లగిన్నెలు పక్కకి జరిపి, "అమ్మగారూ, కువైట్ వెళ్ళిపోదామనుకుంటున్నానండీ. ఏజెంటు ఆదివారంలోగా చెప్పెయ్యమంటున్నాడండీ. మీరేమంటారండీ?" అని అడిగిందనుకుందాం.

మన నోటికి ముందు వచ్చేది ఏమిటి? "అయ్యయ్యో, పిల్లల్ని వదిలేసి ఎలా వెడతావే?" అంటాం. కొంచెం ఆధునికంగా ఆలోచించేవాళ్ళం "వెళ్ళవే, నాలుగు డబ్బులు వెనకేసుకో" అంటాం. రెండూ తీర్పులే. ఆవిడ ఇంకా తన మాట పూర్తిచెయ్యనేలేదు.

ఇక్కడ ముందు మనల్ని మనం తడిమి చూసుకోవాలి. ఆవిడ వెళ్ళిపోతే మన అంట్లు ఎవరు తోముతారు? నమ్మకస్తురాలు మళ్ళీ దొరుకుతుందా? ఈ ఆలోచన మనకి రాలేదంటే నేను నమ్మను. రావటం తప్పేమీ కాదు. కానీ అది మనసులో దాక్కుని "పిల్లలు అన్యాయమైపోతారే" అనే మాటగా బయటికి వస్తుంది చూశారూ, అక్కడే వుంది ప్రమాదం. కూతురి పెళ్ళి విషయంలో మన పరువు ఇలాగే దాక్కుంటుంది. కోడలి ఉద్యోగం విషయంలో మన సుఖం దాక్కుంటుంది. సలహా చెప్పబోయే ముందు "ఇందులో నాకేమిటి?" అని ఒక్కసారి ప్రశ్నించుకుంటే సగం తప్పులు తప్పుతాయి.

తరవాతది వినటం. ఇది తేలికనుకుంటాం గాని, నాకు తెలిసి ఇంతకంటే కష్టమైన పని లేదు. టీవీ కట్టెయ్యాలి. సెల్‌ఫోను పక్కగదిలో పెట్టాలి. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోమనాలి. ఆవిడ నేలమీదా మనం సోఫాలోనూ కూర్చుంటే అది కౌన్సెలింగు కాదు, పంచాయితీ. ఆవిడ చెబుతూ మధ్యలో ఆగిపోతే వెంటనే మనం అందుకోకూడదు. ఆ నిశ్శబ్దంలో ఆవిడ ఆలోచిస్తోంది. మనం నోరు విప్పితే ఆ దారం తెగిపోతుంది. "మా పెద్దాడపడుచు కూడా ఇలాగే వెళ్ళి..." అంటూ మన కథ ఎత్తుకోవటం అసలే పనికిరాదు.

మూడోది ప్రశ్న. ప్రశ్నలు రెండు రకాలు. "వెడతావా, వెళ్ళవా?" అన్నది మూసిన తలుపు. అవును, కాదు తప్ప దానికి జవాబు లేదు. "అక్కడికి వెడితే ఏమేం జరుగుతుందనుకుంటున్నావు?" అన్నది తెరిచిన తలుపు. ఏమిటి, ఎలా, ఎవరు, ఎప్పుడు అనే మాటలతో అడిగితే మనిషి విప్పి చెబుతుంది. "ఎందుకు" అనే మాట మాత్రం జాగ్రత్తగా వాడాలి. "ఎందుకింత అప్పు చేశావు?" అంటే మనం అడిగినట్టుండదు, నిలదీసినట్టుంటుంది.

నాలుగోది, విన్నదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పటం. ఆవిడ ఇలా అందనుకోండి: "అప్పు తీరాలండీ. మా ఆయన రొయ్యల చెరువుల మీద పనికి వెడతాడండీ, తెచ్చిందాంట్లో సగం తాగేస్తాడు. పెద్దపిల్ల ఇంటరండీ, ఎదిగిన పిల్ల. నేనెళ్ళిపోతే దాన్నెవరు చూత్తారండీ?"

మనం: "అప్పు ఒకపక్క తరుముతోంది, ఇంకోపక్క పిల్లని ఆ ఇంట్లో వదిలి వెళ్ళాలంటే భయంగా వుంది. అంతేనామ్మా?"

"ఆయ్, అంతేనండీ." కాసేపు వూరుకుని, "అప్పుకంటే అదేనండీ నా బెంగ."

చూశారా! సమస్య కువైట్ కాదు. ఆడపిల్ల భద్రత. మనం "వెళ్ళు" అన్నా "వద్దు" అన్నా ఈ మాట బయటికి వచ్చేదే కాదు. తాను చెప్పింది ఎదుటివాళ్ళ నోట మళ్ళీ విన్నప్పుడు మనిషికి తన మనసు తనకే స్పష్టంగా కనిపిస్తుంది. అద్దంలో బొట్టు సరిచూసుకున్నట్టన్నమాట. అద్దం "నీ బొట్టు బాగాలేదు" అనదు. చూపిస్తుంది, అంతే.

అయిదోది, దారులు లెక్కపెట్టటం. దిగులులో వున్న మనిషికి ఎప్పుడూ రెండే దారులు కనిపిస్తాయి. వెళ్ళటమా, మానటమా? నెమ్మదిగా అడుగుతూ పోతే ఇంకా కనిపిస్తాయి. పిల్లని హాస్టల్లో చేర్చి వెళ్ళవచ్చు. అమ్మమ్మ దగ్గరో, పిన్ని దగ్గరో వుంచవచ్చు. పిల్ల ఇంటరు అయ్యేదాకా ఆగవచ్చు. నూటికి నెలకి అయిదో పదో వడ్డీ పోసే ప్రైవేటు అప్పుని డ్వాక్రా సంఘం అప్పుతో తీర్చేసి, తక్కువ వడ్డీ కట్టుకోవచ్చు. ఆవిడ వెళ్ళే బదులు ఆయనే వెళ్ళవచ్చు. ఈ దారులన్నీ మంచివని కాదు. వున్నాయని తెలిస్తే మనిషికి ఊపిరాడుతుంది. ముందు ఆవిణ్ణే చెప్పనివ్వాలి. ఆవిడకి తట్టనిదేదైనా వుంటే చివర్లో "ఇది కూడా ఆలోచించావా?" అని మనం అందించవచ్చు.

ఆరోది సమాచారం. అభిప్రాయం వేరు, సమాచారం వేరు. "గల్ఫ్ మంచిది కాదు" అన్నది అభిప్రాయం. సమాచారం ఇలా వుంటుంది: పదో తరగతి పాసుకాని వాళ్ళ పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాల్లో పనికి వెళ్ళాలంటే ప్రభుత్వంనుంచి వలస అనుమతి తీసుకోవాలి. అలాంటి పాస్‌పోర్టు వున్న ఆడవాళ్ళు ఇంటిపనికి వెళ్ళాలంటే ముప్ఫయ్యేళ్ళు నిండాలి. ప్రైవేటు ఏజెంట్ల ద్వారా కాకుండా ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలని 2016లో కేంద్రం నిబంధన పెట్టింది. మన రాష్ట్రంలో అందుకు ప్రభుత్వ సంస్థ వుంది. పద్ధతి ప్రకారం వెళ్ళేవాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా యోజన అని 10 లక్షల రూపాయల బీమా వుంది. ఏజెంటు విజిట్ వీసా మీద పంపిస్తానంటే ఈ రక్షణలేవీ వుండవు. ఏజెంటుకి లైసెన్సు వుందో లేదో కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. ఆవిడకి చూసుకోవటం రాకపోతే మన పిల్లలు పది నిమిషాల్లో చూసిపెడతారు. నిబంధనలు మారుతుంటాయి గనక ఆ రోజుకి ఏమున్నాయో చూడాలి. తెలియనిది తెలియదని చెప్పి, కనుక్కుని చెప్పటమే మర్యాద.

ఏడోది తూకం. ఇక్కడ ఒక పాత సంగతి చెబుతాను. 1772లో ప్రీస్ట్లీ అనే శాస్త్రవేత్త ఒక ఉద్యోగం విషయంలో ఎటూ తేల్చుకోలేక, స్నేహితుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ని సలహా అడిగాడు. ఫ్రాంక్లిన్ ఏం నిర్ణయించుకోవాలో చెప్పలేనన్నాడు. ఎలా నిర్ణయించుకోవాలో మాత్రం చెబుతానన్నాడు. కాగితం మధ్య గీత గీసి, ఒకపక్క అనుకూలమైనవీ, ఇంకోపక్క ప్రతికూలమైనవీ మూడు నాలుగు రోజులపాటు తోచినప్పుడల్లా రాసుకోవాలి. తరవాత రెండువైపులా సమానంగా తూగేవాటిని కొట్టేస్తూ పోవాలి. చివరికి ఏది మిగిలిందో చూడాలి. రెండువందల యాభై ఏళ్ళ కిందటి చిట్కా అయినా ఇప్పటికీ పనికొస్తోంది.

చదువురానివాళ్ళకి కాగితం అక్కర్లేదు. రెండు పళ్ళేలూ, గుప్పెడు చింతపిక్కలూ చాలు. ఒక పళ్ళెం వెళ్ళటానికి, రెండోది వుండిపోవటానికి. "అప్పు తీరటం నీకు ఎన్ని పిక్కల పాటి?" అని అడగండి. "పిల్ల దగ్గర వుండటం ఎన్ని పిక్కలు?" అనండి. ఆవిడే వేస్తుంది. మనం ఒక్క పిక్క కూడా ముట్టుకోకూడదు. మనకి అయిదు పిక్కలనిపించింది ఆవిడకి రెండే కావచ్చు. బరువు మోసేది ఆవిడ కాబట్టి తూకం కూడా ఆవిడదే.

ఇక గడువు. "ఆదివారంలోగా చెప్పాలి" అన్నది ఎవరి తొందర? ఆవిడదా, ఏజెంటుదా? ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలాసార్లు ముడి దానంతటదే వదులవుతుంది. పెళ్ళిసంబంధాలవాళ్ళు, స్థలాలు అమ్మేవాళ్ళు, చిట్టీలు కట్టమనేవాళ్ళు అందరూ తొందరపెడతారు. ఇంకొకరి తొందరలో చేసిన నిర్ణయం మనది కాదు.

చివరికి ఆవిడ ఏదో ఒకటి తేల్చుకుంటుంది. పిల్లని హాస్టల్లో పెట్టి పద్ధతి ప్రకారం వెడతాననవచ్చు. రెండేళ్ళు ఆగుతాననవచ్చు. మనకి నచ్చనిదే ఎంచుకోవచ్చు. ఏదైనా సరే, మొహం ముడుచుకోకూడదు. "సరేనమ్మా, ముందు ఏ పని చేస్తావు? ఎప్పుడు చేస్తావు?" అని అడగాలి. "సోమవారం సంఘం లీడరుని కలుస్తానండీ" అంటే అది నిర్ణయం. "చూద్దాంలెండి" అంటే ఇంకా కాలేదన్నమాట. రేపు ఆ నిర్ణయం బెడిసికొడితే "నేను ఆనాడే చెప్పాను" అనే మాట మాత్రం నోట రానివ్వకండి. ఆ మాట విన్న మనిషి మళ్ళీ మన గడప తొక్కదు.

ఇదే పద్ధతి మన ఇళ్ళలోనూ పనికొస్తుంది. అమెరికా సంబంధం వచ్చింది, అమ్మాయి ఉద్యోగం మానటం ఇష్టంలేక నలుగుతోంది. మామగారికి ఆపరేషను చేయించాలా వద్దా అని అత్తగారు తేల్చుకోలేకపోతున్నారు. రిటైరైన డబ్బు ఇల్లు కట్టటానికా, బ్యాంకులో వెయ్యటానికా అని అన్నయ్యగారు సతమతమవుతున్నారు. ఎవరైనా సరే, వినటం, తెరిచిన ప్రశ్న అడగటం, తిరిగి చెప్పటం, దారులు, సమాచారం, తూకం, వరస ఇదే. అత్తగారిని కుర్చీలో కూర్చోమని చెప్పక్కర్లేదు, అంతే తేడా!

అయితే ఒక హెచ్చరిక. ఎప్పుడూ తూకం వేస్తూ కూర్చోకూడదు. "ఆయన కొడుతున్నాడు" అని ఒక ఆడమనిషి చెబితే రెండువైపులా చూద్దాం అనటం, "సర్దుకుపో" అనటం సాయం కాదు. ముందు ఆవిడ ప్రాణం. గృహహింసనుంచి స్త్రీలని కాపాడే చట్టం 2005లో చేశారు, 2006 అక్టోబరునుంచి అమల్లో వుంది. 181కి ఫోను చేస్తే ఆడవాళ్ళకి సాయం అందుతుంది. తక్షణం ప్రమాదముంటే 112. న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలుని ఉచితంగా ఇస్తారు. అలాగే "బతకాలని లేదు" అన్న మాట ఎవరి నోటనైనా వింటే తేలిగ్గా తీసుకోవద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా, మెల్లగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడగటంవల్ల గుండె బరువు దిగుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. టెలిమానస్ అని 14416 నంబరు వుంది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణానికి ముప్పున్న చోట గోప్యం పాటించక్కర్లేదు. ఆవిడకి చెప్పే, సాయం పిలవాలి. మనం డాక్టర్లం కాదు, లాయర్లం కాదు. మన హద్దు మనం తెలుసుకోవటం కూడా ఈ విద్యలో భాగమే.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించిన సంగతి మనందరికీ తెలుసు. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు మానేస్తే, రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరినుంచి నీళ్ళు తెచ్చి, తానే అందరికీ వండిపెట్టారు. ఆ తరవాత ఎందరో వితంతువులకి ఆ ఇల్లే ఆశ్రయమైంది. ఒక ఆడపిల్ల జీవితం మలుపు తిరిగినప్పుడు ఆ పక్కన నిలబడటమంటే అదీ. నిర్ణయం రోజున వుండే ధైర్యం మర్నాటికి సగమవుతుంది. ఊరు నాలుగు మాటలంటుంది. అప్పుడు ఒకరు వచ్చి "ఎలా వున్నావమ్మా?" అని అడిగితే చాలు, ఆ మనిషి నిలదొక్కుకుంటుంది.

కాబట్టి ఈసారి ఎవరైనా వచ్చి "ఏం చెయ్యమంటారు?" అని అడిగితే, జవాబు నాలిక చివరిదాకా వచ్చినా ఒక్క నిమిషం ఆపండి. ఒక కుర్చీ వెయ్యండి, గ్లాసుడు మంచినీళ్ళివ్వండి. "నీ మనసులో ఏముందో చెప్పమ్మా" అనండి. ఆ తరవాత వినండి.